తిథి లేని పండుగ



పంద్రాగస్టు వచ్చినదంటే మన ప్రాంతపు క్షేత్రాలలో రద్దీ పెరుగుతుంది. సెలవు దొరికినది గనుక కుటుంబాలు బయలుదేరుతాయి. జనగామ వైపువారు పాలకుర్తి సోమేశ్వరుని, మహబూబాబాద్ వైపువారు కురవి వీరభద్రస్వామిని, భూపాలపల్లి వైపువారు కాళేశ్వరంలో గోదావరీ ప్రాణహితల సంగమాన్ని, ముక్తీశ్వరుని సేవించుకుంటారు. చంకనున్న బిడ్డ చొక్కాకు కూడా చిన్న జెండా గుచ్చి ఉంటుంది.

క్రిందటి సంవత్సరం ఆనాడు ఐదేండ్ల మా మనుమడు దర్శనపు వరుసలో నా వ్రేలు పట్టుకొని, "తాతా, ఇవాళ ఏ దేవుని పండుగ?" అని అడిగినాడు. ఏ దేవునిదీ కాదు, దేశానిది అన్నాను. "అయితే ప్రసాదం ఏమిటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వినారు. నేను మాత్రం నవ్వలేకపోయినాను. నలుబది ఏండ్లు సంస్కృతం చెప్పుకొని బ్రతికిన నేను ఆ దినాన్ని ఎన్నడూ పండుగగా ఎంచలేదు. "తిథి లేని పండుగ, ఇంగ్లీషు తేదీ పండుగ" అని కొట్టివేసేవాడిని. నా కుమారుడు చిన్నప్పుడు బడిలో మిఠాయి తీసుకొని పరుగున వచ్చి చూపితే, "సరే, కాళ్లు కడుక్కో" అన్నాను. అంతకు మించి ఒక్క మాట చెప్పిన గుర్తు లేదు. ఇప్పుడు వానికి ఆ దినం సెలవు మాత్రమే. తప్పు వానిది అనలేను.

ఇంటికి వచ్చి పాత పంచాంగపు లెక్కలు తీసినాను. 1947 ఆగస్టు 15, శుక్రవారం. సర్వజిత్ నామ సంవత్సరం, అధిక శ్రావణం, సూర్యోదయానికి బహుళ చతుర్దశి. అధిక మాసం, పైగా అమావాస్య ముంగిలి. ఏ పురోహితుడూ ఆనాడు గృహప్రవేశానికైనా ముహూర్తం పెట్టడు. దేశం మాత్రం ఆనాడే తన ఇంట అడుగుపెట్టినది. బానిసత్వం తొలగటానికి ముహూర్తం కోసం ఆగవలసిన పని లేదని నాకు తోచినది. ఇంట మంటలు లేచినప్పుడు వర్జ్యం చూచి నీళ్లు పోయము గదా!

అయితే మన జిల్లాలకు ఆ తేదీ ఆనాడు రాలేదు. ఇది పిల్లలకు చెప్పవలసిన సంగతి. నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరలేదు. త్రివర్ణ పతాకం ఎత్తటమే ఇక్కడ నేరం. ఆగస్టు 15న హైదరాబాదులో జెండా ఎగురవేసిన స్వామి రామానంద తీర్థులు చెరసాలకు వెళ్లినారు. భూపాలపల్లికి పొరుగున ఉన్న పరకాలలో 1947 సెప్టెంబరు 2న జెండా ఎగురవేయటానికి కూడిన జనంపై కాల్పులు జరిగినాయి. పలువురు నేలకొరిగినారు. వారి స్మృతికి అక్కడ అమరధామం వెలసినది. జనగామ ప్రాంతపు పల్లెలలో దొరల వెట్టికి ఎదురు తిరిగిన ప్రజలు అప్పటికే నెత్తురు ధారపోసి ఉన్నారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు విడిచినది 1946 జూలై 4న. పాలకుర్తిలో తన పంటను, భూమిని విడువనన్న చాకలి ఐలమ్మ కథ ఈ ప్రాంతంలో ఎరుగనివారు లేరు.

పదమూడు నెలలు గడచిన తరువాత 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయినాడు. అదీ శుక్రవారమే. సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ చతుర్దశి. అనగా అనంత చతుర్దశి! పదునాలుగు ముళ్ల తోరం చేతికి కట్టుకొని అనంత పద్మనాభుని కొలిచే దినం. ఈ సంగతి లెక్క తేలినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచినది. ఆ సెప్టెంబరు దినానికి ఏ పేరు పెట్టాలో పెద్దలు ఇంకా తగవులాడుతూనే ఉన్నారు. పిల్లవానికి ఆ తగవు అక్కరలేదు.

ఇక గణతంత్ర దినం. 1950 జనవరి 26, గురువారం. విరోధి నామ సంవత్సరం, మాఘ శుద్ధ అష్టమి. అది భీష్మాష్టమి. అంపశయ్యపై పరుండి ధర్మరాజుకు రాజధర్మమంతా బోధించిన పితామహునికి మనం తర్పణం విడిచే దినాన ఈ దేశపు రాజ్యాంగం అమలులోనికి వచ్చినది. ఎవరూ పంచాంగం చూచి పెట్టినది కాదు. 1930లో అదే తేదీన పూర్ణ స్వరాజ్య దినం జరుపుకొన్నందున ఆ తేదీని ఎంచుకొన్నారు. తిథి తనంతట తాను వచ్చి కలిసినది. తిథి లేని పండుగ అన్న నా మాట అక్కడ వీగిపోయినది.

సరే, ఐదేండ్ల పిల్లవానికి ఇవన్నీ చెప్పగలమా? చెప్పలేము. కాల్పుల మాట ఆ వయసుకు వద్దు. "ఈ జెండా కోసం మన పక్క ఊరివారు చాలా కష్టపడినారు" అంటే చాలు. పదేండ్లు వచ్చిన తరువాత పరకాలకు తీసుకొని వెళ్లి మిగిలినది చెప్పవచ్చును.

నేను చేసినది ఇది. తెల్లవారగానే స్నానం చేయించి, పూజకు కూర్చుండబెట్టుకొని, సంకల్పం మెల్లగా చెప్పించినాను. మనం దినమూ సంకల్పంలో భరతవర్షం, భరతఖండం అని దేశం పేరు తలుస్తాము, కృష్ణా గోదావరుల నడుమ ఉన్నామని మన చోటు చెప్పుకొంటాము. యాంత్రికంగా అనేసే ఆ మాటల వద్ద ఆగి, "భరతఖండం అంటే నీ జెండా ఎగిరే నేల" అన్నాను. వాని ముఖం వికసించినది. దేశం పేరు దేవుని ముందు చెప్పుకొనే ఆచారం మన ఇండ్లలో ముందునుండే ఉన్నది. దానికి అర్థం చెప్పేవారే కరవైనారు.

తరువాత జెండా చూపి, నడుమనున్న చక్రపు ఆకులు లెక్కించమన్నాను. ఇరవై నాలుగు. ఆచమనంలో కేశవనామాలూ ఇరవై నాలుగే. ఇది శాస్త్రార్థమని ఎవరూ పొరబడవద్దు, లెక్క గుర్తుండటానికి తాత పన్నిన ఉపాయం మాత్రమే. ఆ చక్రం సారనాథ్‌లోని అశోకుని స్తంభం నుండి వచ్చినది. రాజ్యాంగ సభ ఈ పతాకాన్ని అంగీకరించినది 1947 జూలై 22న. దీనికి మూలమైన జెండాను 1921లో బెజవాడలో గాంధీజీకి అందించిన పింగళి వెంకయ్యగారు మన తెలుగువారే. రాజముద్ర క్రింది వాక్యం ముండకోపనిషత్తులోనిది. జాతీయగీతానికి రవీంద్రులు ఆంగ్లానువాదం చేసినది 1919లో మదనపల్లెలో. ఇవి ఒక్కనాడే గుప్పించక, ఏడాదికి ఒకటి చొప్పున చెప్పండి.

బడిలో పిల్లలు నిత్యం చెప్పే ప్రతిజ్ఞ గురించి మాత్రం తప్పక చెప్పండి. దానిని 1962లో విశాఖపట్నంలో కోశాగారాధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు వ్రాసినారు. వారు నల్లగొండ జిల్లా అన్నెపర్తివారు. అది మొదట తెలుగులోనే పుట్టి, 1965 జనవరి 26 నుండి దేశమంతటా బడులలో వినబడుతున్నది. తల్లిదండ్రులను, గురువులను, పెద్దలను గౌరవించటం, జంతువుల ఎడ దయ చూపటం అందులో ఉన్నవి. మనం నీతిశాస్త్ర శ్లోకాలలో వల్లెవేయించేవి అవే కదా! మా మనుమడు అంతా విని, "కుక్కను కూడా కొట్టొద్దా?" అని అడిగినాడు. మా వీధి కుక్కకు ఆనాటి నుండి రాళ్ల బాధ తప్పినది.

ఒక్క మనవి. మరునాడు ఉదయం గుడి బయట, బస్సులు ఆగే చోట, నేలమీద కాగితపు జెండాలు తొక్కుడుపడి కనబడతాయి. స్వామి నిర్మాల్యాన్ని మనం కాలికింద వేస్తామా? పారే నీటిలోనో, చెట్టు మొదటనో ఉంచుతాము. 2002 నాటి జెండా నియమావళి కూడా చినిగిన, మాసిన జెండాను ఏకాంతంగా, మర్యాదగా, వీలైతే దహనం చేసి తొలగించమన్నది. బట్ట జెండా కొంటే మడిచి పెట్టెలో దాచి మరుసటి ఏడు మరల తీయవచ్చును. కాషాయం పైకి ఉండవలెనని, నేలకు తగులరాదని పిల్లలకు చూపండి.

మా మనుమడు ఆ మరునాడు నాతో గుడికి వచ్చి, మెట్ల వద్ద పడి ఉన్నవి ఏరుకొని, ఒక్కొక్కటి ఊది మన్ను దులిపినాడు. పదమూడు దొరికినాయి. వాటిని మా ఇంటి పూజగదిలో, అనంత వ్రతపు పాత తోరాలు దాచే డబ్బాలో పెట్టమన్నాడు. పెట్టినాను.