పది చేతులు రాసే పుస్తకం

మీ పాఠశాలలో వార్షిక సంచిక వేస్తున్నారనుకోండి. ఒకరు కథ రాస్తారు, ఒకరు ఊరి చెరువు గురించి వ్యాసం రాస్తారు, ఇంకొకరు తప్పులు దిద్దుతారు. అందరి రాతలూ కంప్యూటరులో ఒకే ఫైలుగా ఉన్నాయి. ఆ ఫైలును రమణ తన ఇంటికి తీసుకువెళ్ళి ఇరవై తప్పులు దిద్దాడు. అదే రోజు సీత కూడా దాని నకలు తీసుకువెళ్ళి చివరి రెండు పేజీలు తిరగరాసింది. మర్నాడు రమణ తన ఫైలును బడి కంప్యూటరులో పెట్టాడు. సాయంత్రం సీత తన ఫైలును అదే పేరుతో దాని మీద పెట్టింది. అంతే! రమణ దిద్దిన ఇరవై తప్పులూ మళ్ళీ ప్రత్యక్షం. ఎవరూ పొరపాటు చేయలేదు, కాని ఒకరి శ్రమ మాయమైపోయింది.

పాత రోజుల్లో అచ్చాఫీసుల్లో ఈ చిక్కు అంతగా ఉండేది కాదు. కారణం, కూర్చిన టైపు ఒక్కటే. దాని నుంచి ప్రూఫు తీసి దిద్దేవారికి పంపేవారు. దిద్దుబాట్లన్నీ తిరిగి కంపోజిటరు చేతికే వచ్చేవి. పని క్రమంగా సాగేది, కాని నెమ్మదిగా సాగేది. ఒకరు దిద్దుతుంటే మిగిలినవారు ఎదురుచూడవలసిందే. మరి, పదిమంది ఒకేసారి ఒకే పుస్తకం మీద పనిచేస్తూ, ఎవరి శ్రమా పోకుండా చూడటం సాధ్యమేనా? సాధ్యమే. ఎలాగో చూద్దాం.

వికీ పుట్టుక

జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్ లీ 1989లో ఒక పథకం ప్రతిపాదించాడు. వేర్వేరు కంప్యూటర్లలో ఉన్న పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేసే పథకం అది. దాని నుంచే 'వెబ్' పుట్టింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేరును అందరి సొత్తుగా ప్రకటించింది. ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునన్నమాట.

1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ఇంజనీరు, చదివేవారే దిద్దగలిగే వెబ్ పుటలను తయారుచేశాడు. వాటికి 'వికీ' అని పేరు పెట్టాడు. హవాయి భాషలో 'వికీ' అంటే 'త్వరగా' అని అర్థం. 2001లో మొదలైన వికీపీడియాకు ఆధారం ఈ ఆలోచనే. వికీపీడియాను నడిపే 'మీడియావికీ' సాఫ్ట్‌వేరులో ఒక మంచి ఏర్పాటు ఉంది. మీరు ఒక పుటను దిద్దినప్పుడు పాత ప్రతి చెరిగిపోదు. అది చరిత్రలో భద్రంగా ఉంటుంది. కొత్త ప్రతి దాని పైన చేరుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో తర్వాత చూసుకోవచ్చు.

కలిపే రహస్యం

రమణ, సీతల చిక్కుకు వద్దాం. మొదటి ప్రతిలో మూడు పంక్తులున్నాయి:

1. మా ఊరి చెరువు పెద్దది.
2. అందులో చేపలున్నాయి.
3. చలికాలంలో కొంగలు వస్తాయి.

రమణ మొదటి పంక్తిని "మా ఊరి చెరువు నలభై ఎకరాలు" అని మార్చాడు. సీత మూడవ పంక్తిని "చలికాలంలో కొంగలు, బాతులు వస్తాయి" అని మార్చింది. వీరిద్దరి ప్రతులను మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి పంక్తి రెండింటిలో రెండు రకాలుగా ఉంది. ఏది కొత్తది, ఏది పాతది? చెప్పలేం. ఇప్పుడు మూడవదిగా మొదటి ప్రతిని కూడా పక్కన పెట్టండి. చిక్కు విడిపోతుంది! సూత్రం ఇది:

ఒక పంక్తిని ఒకరే మార్చి ఉంటే, ఆ మార్పును తీసుకో. ఎవరూ మార్చకపోతే, ఉన్నది ఉన్నట్టు ఉంచు. ఇద్దరూ వేర్వేరుగా మార్చి ఉంటే, ఆగి మనిషిని అడుగు.

ఈ సూత్రం ప్రకారం మొదటి పంక్తి రమణది, రెండవది పాతదే, మూడవది సీతది. ఇద్దరి శ్రమా నిలిచింది. మూడు ప్రతులు కావాలి కనుక దీన్ని 'ముప్పేట కలపడం' అనవచ్చు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన 'గిట్' అనే సాఫ్ట్‌వేరు కూడా ఈ పద్ధతినే వాడుతుంది. పాత ప్రతిని దాచి ఉంచడం ఎంత అవసరమో ఇప్పుడు తెలిసింది కదా!

ఇక్కడ ఇంకొక చిక్కుంది. మధ్యలో ఒక పంక్తి కొత్తగా చేరితే, దాని కింది పంక్తుల సంఖ్యలన్నీ మారిపోతాయి. అప్పుడు ఏ పంక్తిని దేనితో పోల్చాలి? పంక్తులకు బదులు అక్షరాలతో ప్రయత్నించండి.

పాతది: క గ చ ట త
కొత్తది: క జ గ చ త

స్థానాల ప్రకారం పోలిస్తే రెండవది, మూడవది, నాలుగవది, మూడూ మారినట్టు కనిపిస్తాయి. కాని రెండు వరుసల్లోనూ అదే క్రమంలో ఉన్న అక్షరాలను వీలైనన్ని ఏరండి. క, గ, చ, త అనే నాలుగు దొరుకుతాయి. కనుక నిజంగా జరిగింది రెండే పనులు: 'జ' చేరింది, 'ట' పోయింది. ఇలా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న అతి పొడవైన వరుసను వెదకడమే ఈ పోలికకు ప్రాణం. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 'డిఫ్' అనే ప్రోగ్రాము ఇలాగే పనిచేసేది. జేమ్స్ హంట్, డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ దాని పద్ధతిని 1976లో ఒక నివేదికలో వివరించారు.

తెలుగు అక్షరాల సంగతి

కలిసి రాయాలంటే అందరి కంప్యూటర్లకూ ఒకే అక్షరం ఒకేలా అర్థం కావాలి. ఒకప్పుడు తెలుగు ఫాంట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క రకం సంఖ్యలను వాడేవి. ఒక ఫాంటులో కూర్చిన వ్యాసాన్ని మరొకదానితో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం ఈ అడ్డు తొలగించింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఒత్తులకు వేరే స్థానాలు లేవు. 'స్త్రీ' అనే అక్షరాన్ని కంప్యూటరు స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు అనే ఆరు సంఖ్యలుగా దాచుకుంటుంది. వాటిని కలిపి ఆకారం కట్టే పని ఫాంటుది, దాన్ని వాడే సాఫ్ట్‌వేరుది. ఫాంటు మార్చినా మాట చెడిపోదు.

తెర నుంచి కాగితానికి

తెర మీద పుట ఎంత పొడవైనా ఉండవచ్చు. కాగితం అలా కాదు. 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న పేజీలో పట్టినంతే పట్టాలి. అందుకని రచయితలు మాటలను మాత్రమే రాస్తారు. "ఇది శీర్షిక", "ఇది పేరా" అని గుర్తులు పెడతారు. శీర్షిక ఎంత పెద్దగా ఉండాలి, అంచు ఎంత వదలాలి అన్నవి వేరే పత్రంలో ఉంటాయి. వెబ్ పుటలకు ఇలాంటి నియమాలు రాసే భాష సి.ఎస్.ఎస్. 1998లో వచ్చిన దాని రెండవ రూపంలో కాగితపు పేజీలకు కూడా నియమాలు చేర్చారు. మాట, ముస్తాబు వేరు వేరు కనుక, రాసేవారు రాస్తుండగానే పేజీలు తీర్చేవారు తీర్చవచ్చు.

"43వ పేజీ చూడండి" అన్న వాక్యం గురించి ఆలోచించండి. ముందు ఒక పేరా చేరితే అది 44వ పేజీ అవుతుంది. అందుకే రచయిత సంఖ్య రాయడు. "చెరువు వ్యాసం ఉన్న పేజీ" అని గుర్తు మాత్రం పెడతాడు. సాఫ్ట్‌వేరు మొదట పేజీలు విడగొట్టి, ఏది ఎక్కడ పడిందో చూసి, తర్వాత సంఖ్యలు నింపుతుంది.

అచ్చుకు మరో లెక్క కూడా ఉంది. ఒక పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, అంటే 16 పేజీలు వస్తాయి. ఇది ఒక ఫారం. మీ సంచిక 70 పేజీలైతే ఐదు ఫారాలు కావాలి. అంటే 80 పేజీలు, పది ఖాళీ! ఆరు పేజీలు తగ్గిస్తే నాలుగు ఫారాలతో సరిపోతుంది. ఏ ఆరు పేజీలు తీయాలో సాఫ్ట్‌వేరు చెప్పలేదు. అది సంపాదకులు కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

ఇలా చేసినవారున్నారు

ఆడం హైడ్ స్థాపించిన 'ఫ్లాస్ మాన్యువల్స్' బృందం కొద్దిమంది రచయితలను ఒకచోట కూర్చోబెట్టి, వెబ్ సాఫ్ట్‌వేరు సాయంతో కొద్ది రోజుల్లోనే పుస్తకాలు రాయించి అచ్చు వేయించింది. మన భాషలో తెలుగు వికీసోర్స్ ఉంది. కాపీహక్కుల గడువు తీరిన పాత పుస్తకాల పేజీల బొమ్మలను పక్కన పెట్టుకుని, ఔత్సాహికులు వాటిని అక్షరాలుగా మారుస్తారు. ఇంకా దిద్దని పేజీకి ఎరుపు రంగు, ఒకరు దిద్దితే పసుపు, రెండవవారు సరిచూస్తే ఆకుపచ్చ. పసుపు చేసినవారే ఆకుపచ్చ చేయడానికి వీలు లేదు. మన తప్పు మన కంటికి తేలికగా కనబడదు కదా!

ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటి మూల ప్రోగ్రాము అందరికీ తెరిచి ఉంటుంది. చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. తయారుచేసినవారు మానేసినా ఇతరులు కొనసాగించవచ్చు. పుస్తకం తాళం ఒక్కరి చేతిలో ఉండదు.

అయితే ఒక్క మాట మరవకండి. యంత్రం మాటలను కలుపుతుంది గాని, వాటిలోని నిజానిజాలు దానికి తెలియవు. చెరువు నలభై ఎకరాలని రమణ రాస్తే నలభై, నాలుగు వందలని రాస్తే నాలుగు వందలు! తెర మీది తప్పును రేపు దిద్దవచ్చు. 500 ప్రతులు అచ్చయ్యాక తప్పు 500 చోట్ల నిలిచిపోతుంది. కనుక అచ్చుకు ముందు ఒక తేదీ పెట్టుకుని, ఆ తర్వాత మార్పులు ఆపి, అందరూ ఒకసారి చదవాలి.

చేసి చూడండి: ఐదు వాక్యాల పేరా ఒకటి రాసి, ఇద్దరు మిత్రులకు చెరొక నకలు ఇవ్వండి. ఒకరికి తెలియకుండా ఒకరిని దిద్దమనండి. మీ దగ్గరున్న మొదటి ప్రతితో పోల్చి, పైన చెప్పిన సూత్రంతో రెండింటినీ కలపండి. ఇద్దరూ ఒకే వాక్యాన్ని మార్చిన చోట ఏమి చేశారు? ఎందుకు అలా చేశారు?