అలర్జీ ప్రొటీన్‌ను పసిగట్టే కంప్యూటర్

రొయ్యల కూర తింటే దద్దుర్లు వచ్చేవారిలో చాలామందికి పడనిది ట్రోపోమయోసిన్ అనే కండర ప్రొటీన్. బొద్దింకలోనూ దాదాపు ఇలాంటిదే ఉంటుంది. టైగర్ రొయ్యలోని ట్రోపోమయోసిన్ పేరు ‘పెన్ ఎం 1’. ఈ పేర్ల మీద బిట్ రావచ్చు: శాస్త్రీయ నామం పీనియస్ మోనోడాన్‌లో ప్రజాతి నుంచి మూడు రోమన్ అక్షరాలు, జాతి నుంచి ఒకటి, చివర సంఖ్య. వేరుశనగ (అరాకిస్ హైపోజియా) ప్రొటీన్ ‘అరా హెచ్ 1’ అయిందీ ఇలాగే.

ఇలాంటి అలర్జీ కారకం తిండిలోకి రాకుండా, జన్యుమార్పిడి పంటలో చేర్చే కొత్త ప్రొటీన్‌ను ముందు కంప్యూటర్‌లోనే పరీక్షిస్తారు. దాని వరుసలోంచి 80 అమైనో ఆమ్లాల ముక్కను ఒక్కో స్థానం జరుపుకుంటూ తెలిసిన అలర్జీ కారకాలతో పోలుస్తారు. 284 ఆమ్లాలున్న ట్రోపోమయోసిన్‌కైతే 205 ముక్కలు. ఏ ముక్కలోనైనా పోలిక 35 శాతం దాటితే, అంటే 28కి మించి ఆమ్లాలు కలిస్తే, అనుమానించాల్సిందే. ఇది అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన ప్రమాణం. వరుసగా 6 ఆమ్లాలు కలిసినా చాలన్న 2001 నాటి ఎఫ్‌ఏఓ-డబ్ల్యూహెచ్‌ఓ సూచన మాత్రం అమాయక ప్రొటీన్లనూ దోషుల్ని చేసింది.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక ఉదాహరణ చెబుతుంది: బ్రెజిల్ నట్ ప్రొటీన్ చేర్చిన సోయా అలర్జీ కలిగించగలదని 1996లో తేలింది. అది మార్కెట్‌కే రాలేదు.

అలర్జీ ప్రొటీన్లను కంప్యూటర్‌లో పసిగట్టే మన దేశపు సాధనం ‘ఆల్గ్‌ప్రెడ్’. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక పరిశోధన సంస్థ ఇమ్‌టెక్ తయారుచేసింది, 2006లో వెలువడింది. యంత్ర అభ్యాసాన్నీ వాడుతుంది.