వెదజల్లుట: ఒక మాట, ఒక ఆరోగ్య పాఠం



"దగ్గినప్పుడు క్షయ క్రిములు వెదజల్లబడతాయి" అని వార్డులో తరచుగా చెబుతుంటాము. ఈ నెల ఆ మాటనే నేర్చుకుందాం.

వెద అంటే విత్తనం వేయుట. విత్తనం వేసే గొర్రును వెదగొర్రు అంటారు. గుప్పెట్లోని గింజలు నలుదిక్కులా పడేటట్లు చల్లుటే వెదజల్లుట. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో విత్తువాడు చల్లిన గింజలు త్రోవప్రక్కన, రాతినేలను, ముండ్లపొదలలో, మంచినేలను పడ్డాయి. మల్లెలు పరిమళాన్ని, దీపం వెలుగును వెదజల్లుతాయని కూడా అంటాం.

"అంటుకొనుట" వేరు. అది తాకుట వలన వచ్చేది. గజ్జి అలా వస్తుంది. ఊపిరితిత్తుల క్షయ అలా రాదు. రోగి దగ్గినా, తుమ్మినా కంటికి కనబడని తుంపరలు గాలిలోకి వెదజల్లబడతాయి. ఆ గాలి పీల్చినవారిలో క్రిములు చేరతాయి. చల్లిన గింజలన్నీ మొలవనట్లే, క్రిములు చేరిన వారందరికీ జబ్బు రాదు. పసిపిల్లలకు, షుగరు, హెచ్.ఐ.వి. ఉన్నవారికి, తిండి చాలక నీరసించిన వారికి ప్రమాదం ఎక్కువ.

ఈ తేడా తెలియక కొన్ని ఇళ్లలో కోడలికి కంచం, గ్లాసు వేరు చేస్తారు, లేదా పుట్టింటికి పంపేస్తారు. గది కిటికీలు మాత్రం మూసే ఉంచుతారు. కంచం వలన క్షయ రాదు, గాలి ఆడని గదిలో వస్తుంది. ఇంటివద్దే మందులు వాడినవారి కుటుంబాలలో, శానిటోరియంలో ఉన్నవారి కుటుంబాలలో కంటే జబ్బు ఎక్కువగా రాలేదని మద్రాసు పరిశోధనలో తేలింది.

కాబట్టి ఇలా చేయండి:

1. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం.
2. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి. మూత ఉన్న డబ్బాలోనే ఉమ్మండి.
3. తలుపులు, కిటికీలు తీసి గాలి, ఎండ రానివ్వండి.
4. మందులు సరిగా వాడితే క్రిములను వెదజల్లుట త్వరగా తగ్గుతుంది. అయినా దగ్గు తగ్గిందని మానవద్దు. సాధారణ క్షయకు 6 నెలలైనా వాడాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరుగారే చెబుతారు.
5. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా 5 ఏళ్లలోపు పిల్లలకు, పరీక్ష చేయించండి.

కంచం వేరు చేసిన ఇల్లు మీకు తెలిసి ఉంటే ఈ పాఠం వారికి చదివి వినిపించండి. దేవుడు మిమ్మును దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్