ల్యాప్‌టాప్‌తో ఊరూరా తిరిగే వారికి ఆరోగ్య పాఠం

2020లో కోవిడ్ వచ్చిన తర్వాత మన పిల్లల్లో చాలామందికి ఇంటి నుండి పని చేసే వీలు కలిగింది. కంపెనీ హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటుంది. వీరు కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు సొంత ఊరిలో, పండుగలకు అత్తవారింట్లో ఉండి పని చేస్తారు. ఆదివారం రాత్రి విశాఖపట్నంలో బస్సు ఎక్కి, సోమవారం ఉదయం హైదరాబాదులో దిగి, స్నానం చేసి ల్యాప్‌టాప్ తెరిచేవారు ఎందరో ఉన్నారు.

"బస్సులో పడుకున్నాను కదా, విశ్రాంతి దొరికింది" అని వీరు అనుకుంటారు. కాని శరీరం అలా లెక్క వేయదు. ప్రయాణం విశ్రాంతి కాదు. ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే.

1. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా

మనం నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి, కాళ్లలోని రక్తాన్ని గుండె వైపుకు నెడతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఈ పని మందగిస్తుంది. అప్పుడు కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. 4 గంటలు మించిన ప్రయాణం తర్వాత ఈ ప్రమాదం సుమారు రెండింతలు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఇది విమానానికే కాదు, బస్సు, రైలు, కారు ప్రయాణాలకు కూడా వర్తిస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఇది అరుదే, సుమారు 6,000 మందిలో ఒకరికి రావచ్చు. అయితే రాత్రంతా బస్సులో ఉండి, పగలంతా కుర్చీలో కూర్చుంటే కాళ్లకు కదలికే ఉండదు.

గర్భవతులు, కొత్తగా ప్రసవించినవారు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, ఈ మధ్యనే ఆపరేషన్ అయినవారు, కాన్సర్ రోగులు, ఇంతకు ముందు ఇలా గడ్డ కట్టినవారు ప్రయాణానికి ముందు డాక్టరును అడగాలి.

ఏం చేయాలి? ప్రతి గంటకు పాదాలను పైకి, కిందకు 20 సార్లు ఆడించండి. బస్సు ఆగిన ప్రతి చోట దిగి నాలుగు అడుగులు వేయండి. దిగిన రోజున పనికి కూర్చునే ముందు అరగంట నడవండి.

జాగ్రత్త! ఒక్క కాలి పిక్కే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే "ప్రయాణపు బడలిక" అని నూనె రాసి పిసికించుకోవద్దు. పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించండి. ప్రయాణం అయిన నాలుగు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం కనబడితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

2. నీళ్లు మానవద్దు

దారిలో మరుగుదొడ్డి దొరకదని స్త్రీలు మధ్యాహ్నం నుండే నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ రావడానికి ఇది ఒక కారణం. వీలైతే మరుగుదొడ్డి ఉండే రైలును ఎంచుకోండి. బస్సయితే ఎక్కేటప్పుడే డ్రైవరును ఎక్కడ ఆపుతారో అడిగి తెలుసుకోండి. ఆపమని అడగడానికి సిగ్గుపడవద్దు.

3. నిద్రకు ఒక వేళ

అమెరికా కంపెనీలకు పని చేసేవారికి న్యూయార్కులో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. పని ముగిసేసరికి తెల్లవారుజాము అవుతుంది. అటువంటి రాత్రి పని ముగించి, వెంటనే సొంతంగా కారు నడుపుకుంటూ ఊరికి బయలుదేరవద్దు. ముందు నిద్రపోండి, తర్వాత ప్రయాణం. పగలు పడుకునేవారు గది చీకటి చేసుకోవాలి. పడుకోవడానికి ఆరు గంటల ముందే కాఫీ, టీ ఆపాలి. ఏ ఊరిలో ఉన్నా నిద్ర వేళ ఒకటే ఉండాలి. పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరం.

4. పనికి హద్దు

ఇంటి నుండి పని అంటే రోజంతా పని అని కాదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి, 35–40 గంటలు పని చేసేవారికంటే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి.

మంచం మీద ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంటే మెడ, నడుము పట్టేస్తాయి. బల్ల మీద నాలుగు పుస్తకాలు పేర్చి, తెర కంటి ఎత్తుకు వచ్చేలా పెట్టి, విడి కీబోర్డు వాడండి. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు 20 అడుగుల దూరంలోని చెట్టునో గోడనో చూడండి.

5. మందులు చేతిసంచిలోనే

బి.పి., షుగరు, థైరాయిడ్ మాత్రలు బస్సు డిక్కీలో వేసే పెట్టెలో పెట్టవద్దు. మూడు రోజులకు సరిపడా ఎక్కువ మాత్రలు, మందుల చీటీ ఫోటో దగ్గర ఉంచుకోండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలవద్దు. ఐసు మీద నేరుగా పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

6. మనసు సంగతి

ఊరు మారినప్పుడల్లా స్నేహితులు దూరమవుతారు. రోజంతా తెర మీద ముఖాలే గాని పక్కన మనిషి ఉండరు. రోజుకు ఒకసారైనా పనికి సంబంధం లేని మాట ఎవరితోనైనా మాట్లాడండి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బ్రతకడం దండగ అనిపించినా 14416కి ఫోన్ చేయండి. ఇది 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఇంటి పెద్దలకు ఒక మాట

కొడుకు ఇంట్లో ఉన్నాడని మీటింగు మధ్యలో బజారుకు పంపవద్దు. కోడలు ఇంట్లోనే ఉంది కదా అని ఇద్దరి పని ఆమె ఒక్కతే చేయాలని అనుకోవద్దు. ఆమె కూడా ఉద్యోగంలోనే ఉంది. రాత్రి పని చేసి పగలు పడుకున్నవారిని సోమరి అనవద్దు. వారి గది తలుపు దగ్గరగా వేయండి, చాలు.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. కిందటి ప్రయాణంలో మీరు ఎన్నిసార్లు లేచి నడిచారు?
2. దిగిన రోజు పనికి కూర్చునే ముందు ఎంతసేపు నిద్రపోయారు?
3. మీ మందుల చీటీ ఇప్పుడు ఎక్కడ ఉంది?
4. ఈ రాత్రి మీరు ఏ ఊరిలో ఉన్నారో ఇంట్లో ఎవరికి తెలుసు?

నాలుగింటికీ వెంటనే జవాబు చెప్పలేకపోతే, తరువాతి టికెట్టు కొనే ముందు ఈ పాఠం ఇంకొకసారి చదవండి.