అమెరికా అధ్యక్షుడి అభిశంసన: ఓట్ల లెక్క, సమయం

ఆధారం: అమెరికా రాజ్యాంగం 2వ అధికరణం, 4వ సెక్షన్. కారణాలు: దేశద్రోహం, లంచం, ఇతర తీవ్ర నేరాలు, దుష్ప్రవర్తన.

అభియోగం మోపేది ప్రతినిధుల సభ. సాధారణ మెజారిటీ చాలు. విచారణ సెనేట్‌లో, హాజరైనవారిలో 2/3 వంతు ఓట్లు కావాలి. అధ్యక్షుడిపై విచారణకు ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తారు.

ఇప్పటివరకు అభిశంసనకు గురైనవారు ముగ్గురు: ఆండ్రూ జాన్సన్ (1868), బిల్ క్లింటన్ (1998), డొనాల్డ్ ట్రంప్ (2019, 2021). సెనేట్ ఎవరినీ దోషిగా తేల్చలేదు. జాన్సన్ ఒక్క ఓటుతో గట్టెక్కారు. నిక్సన్ ఈ జాబితాలో లేరు. సభలో ఓటింగ్‌కు ముందే 1974 ఆగస్టు 9న పదవి వీడారు. పరీక్ష అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సమయం ఎందుకు కీలకం? 1998 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్లు 5 సీట్లు కోల్పోయారు. కొత్త సభ కొలువుదీరేలోపే, డిసెంబరు 19న పాత సభతోనే క్లింటన్‌పై ఓటింగ్ ముగించారు. 2019 డిసెంబరు 18న ట్రంప్‌పై అభియోగాలు ఆమోదించినా, స్పీకర్ నాన్సీ పెలోసీ 2020 జనవరి 15 దాకా సెనేట్‌కు పంపలేదు. విచారణలో సాక్షులను పిలిపించేలా ఒత్తిడి తేవడమే వ్యూహం, అది ఫలించలేదు. 2021 జనవరి 13న, పదవీకాలం వారంలో ముగుస్తుందనగా రెండో అభిశంసన. తొలగింపుకు వ్యవధి లేకున్నా, దోషిగా తేలితే సాధారణ మెజారిటీతో మళ్లీ పదవి చేపట్టకుండా నిషేధించవచ్చు. సెనేట్‌లో ఫలితం 57–43, కావలసినవి 67.

పోల్చి చదవండి: భారత్‌లో రాష్ట్రపతి అభిశంసనకు 61వ అధికరణం, కారణం రాజ్యాంగ ఉల్లంఘన ఒక్కటే, ఏ సభలోనైనా ప్రారంభించవచ్చు, 1/4 వంతు సభ్యుల సంతకాలు, 14 రోజుల నోటీసు, మొత్తం సభ్యుల్లో 2/3 వంతు మెజారిటీ. ‘హాజరైనవారు’, ‘మొత్తం సభ్యులు’ అన్న తేడాపై ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ.