మూత్రాశయము – నరములు – విద్యుచ్ఛక్తి

మన నందికొట్కూరునందు, బంధువుల యింట వివాహమునకు పిలిచినను రాజాలమని చెప్పు వృద్ధులను మనమందరము చూచియున్నాము. కర్నూలునకు బస్సెక్కవలసి వచ్చినచో వారు తెల్లవారినది మొదలు నీరు ముట్టరు. కారణమడిగినచో "ఒంట్లో బాగులేదు నాయనా" యని మాట దాటవేయుదురు. నిజమేమనగా, దారిలో ఒంటికి పోవలసి వచ్చునేమో, ఆపుకొనలేమేమో యను భయము. ఇది సిగ్గుపడవలసిన దోషము కాదు. దేహమునందు కలిగిన యొక వికారము. దీనికి చికిత్సలు కలవు. వానిలో నొకదానిని గూర్చి విద్యార్థులకు తెలుప నెంచితిమి.

మూత్రపిండములయందు తయారైన మూత్రము రెండు నాళముల ద్వారా మూత్రాశయమును చేరును. ఇది కండరములతో నిర్మితమైన సంచి. పెద్దవారియందు సుమారు 400 మొదలు 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. సంచి కొంత నిండగనే, నడుము క్రిందనున్న త్రికాస్థి రంధ్రముల గుండా పోవు నరములు ఆ వార్తను వెన్నుపామునకును, మెదడునకును అందజేయును. సమయము కానిచో మెదడు "ఆగుము" అని యాజ్ఞ యిచ్చును. సమయమైనచో సంచి ముడుచుకొనును, ద్వారము సడలును. ఈ యాజ్ఞాస్థానము మెదడు కాండమునందున్నదని 1925లో బారింగ్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పిల్లులపై పరిశోధించి తెలిపెను.

ఈ వార్తాహరుల పని చెడినచో సంచి నిండకమునుపే తొందర పుట్టును. రాత్రి పలుమార్లు లేవవలసి వచ్చును. లేదా ద్వారము సడలక మూత్రము నిలిచిపోవును. మధుమేహము, పక్షవాతము, వెన్నెముక దెబ్బ మొదలగునవి ఇందుకు కారణములు కావచ్చును. కొందరియందు కారణమే కానరాదు.

తరగతిలో గాల్వానీ ప్రయోగమును చదివిన విద్యార్థులకు నరమునకును విద్యుత్తునకును గల సంబంధము తెలిసినదే. ఆయన కప్పకాలిపై చేసిన ప్రయోగములు 1791లో ప్రకటింపబడెను. ఆ సత్యమే కాలక్రమమున చికిత్సగా మారినది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున తనాఘో, ష్మిట్ అను వైద్యులు త్రికాస్థి నరములను విద్యుత్తుచే ప్రేరేపించు పద్ధతిని 1980 ప్రాంతమున రూపొందించిరి. ఆపుకొనలేని తొందరకు 1997లోను, మూత్రము నిలిచిపోవుటకు 1999లోను ఆ దేశ ప్రభుత్వము దీనిని అనుమతించెను.

ఈ చికిత్స రెండు విధములు. మొదటిదానియందు త్రికాస్థి మూడవ నరము చెంత సన్నని తీగ నమర్చి, కొన్ని దినములు పరీక్షింతురు. బాధ కనీసము సగము తగ్గినచో, చిన్న బ్యాటరీ యంత్రమును పిరుదుపై చర్మము క్రింద నుంచుదురు. రెండవదానికి శస్త్రచికిత్స లేదు. చీలమండ లోపలి ప్రక్క నుండి సుమారు మూడు వ్రేళ్ల వెడల్పు పైన సన్నని సూదిని గ్రుచ్చి, మందమైన విద్యుత్తును అరగంట పంపుదురు. ఇట్లు వారమునకొకసారి పండ్రెండు వారములు. కాలికిని మూత్రాశయమునకును సంబంధమేమని యడుగుదురేమో! కాలి నరపు పోగులలో కొన్ని ఆ త్రికాస్థి నరములనుండియే వచ్చుచున్నవి. ఒకే వేరునుండి పుట్టిన రెండు కొమ్మల వంటివి.

అయినను ఇది సర్వరోగ నివారిణి కాదు. రాళ్లు, క్రిమిదోషము, పురుషులయందు ప్రోస్టేటు గ్రంథి వాపు గలవో లేవో మొదట పరీక్షింపవలెను. వేళకు మూత్రవిసర్జన చేయు అలవాటు, కటి కండరముల వ్యాయామము, మాత్రలు, వీనితోనే పలువురకు నెమ్మది కలుగును. వానిచే మేలు కలుగనప్పుడే విద్యుచ్చికిత్స. హృదయమున యంత్రము గలవారికిని, గర్భిణులకును కాలి సూది పద్ధతి తగదు. నయమైన పిమ్మటను నెలకొకసారి చికిత్స అవసరము కావచ్చును.

మన సీమ యెండలలో నీరు మానుట మిక్కిలి కీడు. మూత్రము చిక్కబడి సంచిని మరింత రేపును, రాళ్లకును దారితీయును. కావున విద్యార్థులారా, ఇంటియందు తాతగారు రాత్రి నాలుగు మారులు లేచినచో విసుగుకొనకుడు, నవ్వకుడు. నెమ్మదిగా నడిగి, వైద్యుని చెంతకు తోడుగా పొండు. మీరును తరగతిలో సిగ్గుచే ఒంటికి పోక బిగపట్టుకొనకుడు. దాచిన బాధ పెరుగును; చెప్పిన బాధకు మందు దొరకును.