మనకు ముందే వచ్చిన అరబీ, మనం నేర్చుకోవాల్సిన అరబీ

ఫ్రెండ్స్, ముందుగా ఒక చిన్న క్విజ్. తారీఖు, జవాబు, సవాలు, హక్కు, బాకీ, నగదు, వకీలు, షరతు, వాయిదా, కుర్చీ. ఈ పది మాటల్లో కామన్‌గా ఉన్నదేంటి? పదీ అరబీ నుంచి వచ్చినవే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం నుంచి మన కచేరీల్లో పారశీకం నడిచింది. ఆ పారశీకంలో చాలా మాటలు అరబీవి. అవి ఉర్దూ మీదుగా తెలుగులో కలిసిపోయి, ఎక్కడివో కూడా ఎవరికీ గుర్తులేనంతగా మనవైపోయాయి.

మన సాహితీ క్లబ్ పత్రికలో అరబీ గురించి ఎందుకంటే, మా విస్సన్నపేటలో సెలవుల్లో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక అరుగు మీద అరబీ మాట్లాడే కూటం ఒకటి జరుగుతోంది. దానికి పేరు లేదు, ఫీజు లేదు. గల్ఫ్ అనగానే అందరికీ కడప, కోనసీమ, కరీంనగర్ గుర్తొస్తాయి కానీ మా వైపు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేసి తిరిగొచ్చిన మా వీధి అత్త అక్కడ టీచరు. పక్కింటి ఆపా రెండో టీచరు. త్వరలో కువైట్ వెళ్ళబోతున్న, నాకు వదిన వరసయ్యే ఆవిడ, ఇంకో ఇద్దరు స్టూడెంట్లు. నేను నోట్స్ రాసేవాణ్ణి. ఆ నోట్సే ఈ పాఠం.

రెండు అరబీలు

మొదటి రోజే ఒక విచిత్రం బయటపడింది. ఆపా చిన్నప్పటి నుంచి ఖురాన్ చదువుతుంది. అక్షరం తప్పుపోదు. కానీ టీ కావాలని అరబీలో అడగమంటే అడగలేదు. అత్తకి అరబీ అక్షరం ఒక్కటీ రాదు. కానీ పిల్లల్ని స్కూలుకి పంపడం దగ్గర్నుంచి బేరం ఆడటం దాకా అంతా గడగడా మాట్లాడుతుంది. ఇద్దరిదీ అరబీయే!

దీనికి కారణం తెలుగువాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. గిడుగు రామమూర్తి గారు ఎందుకు పోరాడారో గుర్తు తెచ్చుకోండి. పుస్తకంలో గ్రాంథికం, నోట్లో వ్యావహారికం. అరబీలో ఆ రెండూ ఇప్పటికీ వేరువేరుగానే ఉన్నాయి. పుస్తకాలకి, వార్తలకి వాడేది 'ఫుస్‌హా'. ఇంట్లో, బజార్లో మాట్లాడేది 'ఆమ్మియా', అది దేశానికొక రకం. ఇలా ఒకే సమాజంలో రెండు అంతస్తుల భాష ఉండటాన్ని చార్లెస్ ఫెర్గూసన్ 1959లో 'డైగ్లాసియా' అనే వ్యాసంలో వివరించాడు. ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబీ ఒకటి.

తేడా ఎంతో చూడండి:

నాకు కావాలి: పుస్తకంలో 'ఉరీదు', కువైట్‌లో 'అబీ'.
ఇప్పుడు: పుస్తకంలో 'అల్ ఆన', కువైట్‌లో 'అల్ హీన్'.
రేపు: పుస్తకంలో 'గదన్', కువైట్‌లో 'బాచిర్'.
ఏమిటి: పుస్తకంలో 'మాదా', కువైట్‌లో 'షినూ'.
ఎలా ఉన్నావు: పుస్తకంలో 'కైఫ హాలుక', కువైట్‌లో మగవాళ్ళతో 'ష్లోనక్', ఆడవాళ్ళతో 'ష్లోనిచ్'.

'ష్లోన్' అంటే అక్షరాలా 'ఏ రంగు' అని. నీ రంగెలా ఉంది అంటే ఎలా ఉన్నావని అర్థం. అందుకే పుస్తకం బట్టీపట్టి విమానం ఎక్కితే, దిగినచోట ఎదుటివాళ్ళ మొదటి ప్రశ్నే అర్థం కాకపోవచ్చు.

వేరు, అచ్చు

సీఎస్ వాళ్ళకి ఈ భాగం బాగా నచ్చుతుంది. అరబీలో చాలా మాటలకి మూడు హల్లుల వేరు ఉంటుంది. దాన్ని ఒక అచ్చులో పోస్తే కొత్త మాట వస్తుంది. ఫంక్షన్‌కి ఇన్‌పుట్ ఇచ్చినట్టే అనుకోండి. క-త-బ అనే వేరుకి 'రాయడం' అని అర్థం. కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే రాసేవాడు, మక్తూబ్ అంటే రాసి ఉన్నది, మక్తబ్ అంటే రాసే చోటు, అంటే ఆఫీసు.

ఈ 'మ' అచ్చు చోటుని చెబుతుంది. వంట అనే వేరుని అందులో పోస్తే 'మత్బఖ్', వంటిల్లు. సాష్టాంగం అనే వేరుని పోస్తే 'మస్జిద్'. వదిన ఈ ఒక్క అచ్చుతో ఒక పూటలో నాలుగు మాటలు పట్టేసింది. అందులో 'మక్తబ్' ఆమెకి తప్పనిసరి. అక్కడ పనివాళ్ళని కుదిర్చే ఏజెన్సీని కూడా మక్తబ్ అనే అంటారు. 'మక్తబ్‌కి పంపిస్తా' అని యజమానురాలు అంటే అది ఆఫీసు చూపిస్తానని కాదు, వెనక్కి పంపేస్తానని.

తెలిసిన మాటే, అర్థం వేరు

మనం మోసుకెళ్ళే మాటలు కొన్ని దారిలో అర్థం మార్చుకున్నాయి. సవాలు అంటే మనకి ఛాలెంజ్, అరబీలో 'సుఆల్' ఉత్త ప్రశ్న. తకరారు మనకి గొడవ, అక్కడ 'తక్రార్' అంటే మళ్ళీ మళ్ళీ చేయడం. రకం మనకి వెరైటీ, అక్కడ 'రకమ్' అంటే నంబరు. మామూలు సంగతి చెప్పక్కర్లేదు. 'మఅమూల్' అంటే చేసినది, తయారైనది అని. అది మన దగ్గరికి వచ్చి ముందు రివాజు అయింది, తర్వాత లంచం అయింది. వసూలు అంటే మనకి డబ్బు రాబట్టడం, అరబీలో 'వుసూల్' అంటే చేరుకోవడం. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో అరైవల్స్ బోర్డు మీద అరబీలో ఉండేది ఈ మాటే. అత్త ఇది చెప్పినప్పుడు వదిన నవ్వి, "దిగగానే వసూళ్ళా!" అంది.

శబ్దంలో కూడా ఒక కిటుకు ఉంది. మన మాటలో 'జ' ఉన్నచోట కొన్నిసార్లు అరబీలో నాలుకని బరువుగా పెట్టి పలికే 'ద' ఉంటుంది. రంజాన్ అక్కడ రమదాన్. హాజరు అక్కడ 'హాదిర్'. పిలిచినప్పుడు 'హాదిర్' అంటే 'అలాగేనండి' అని.

తెలుగువాళ్ళకి ఇంకో లాభం ఉంది. కల, కల్ల వేరని, పలు, పాలు వేరని మన చెవికి పుట్టుకతోనే తెలుసు. అరబీలోనూ ఒత్తు, దీర్ఘం అర్థాన్ని మార్చేస్తాయి. 'దరస' అంటే చదివాడు, 'దర్రస' అంటే చదువు చెప్పాడు. మనకి కష్టమయ్యేది గొంతు లోపలి నుంచి వచ్చే శబ్దాలు. 'ఖల్బ్' కాదు, 'కల్బ్' కాదు, లోపలి 'క'తో పలికితేనే గుండె. మామూలు 'క'తో పలికితే కుక్క. కువైట్ మాటలో గుండె 'గల్బ్', కుక్క 'చల్బ్' కాబట్టి అక్కడ ఆ ప్రమాదం తక్కువ. వ్యావహారికమే కాపాడింది!

పనివాళ్ళ అరబీ

అత్త మొదటి ఏడాది మాట్లాడింది ఇప్పటి అరబీ కాదట. 'అనా మాఫీ మాలూమ్' అనేదట. నేను-లేదు-తెలుసు, అంటే నాకు తెలియదు. మలయాళీ, తెలుగు, బంగ్లా, ఫిలిప్పీన్ పనివాళ్ళు అరబ్బులతో మాట్లాడటానికి పుట్టిన కలగలుపు భాష ఇది. భాషాశాస్త్రంలో దీన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబిక్ అంటారు. ఇందులో క్రియకి కాలం, పురుషలతో మారే రూపాలు దాదాపు ఉండవు. దీన్ని వెక్కిరించడం తప్పు, దీనికీ ఒక పద్ధతి ఉంది. 'నువ్వు వెళ్ళు, ఇది తీసుకురా' లాంటి పనులకి చక్కగా సరిపోతుంది. చిక్కల్లా ఎవరు, ఎప్పుడు, ఎవరికి, ఏం చేశారు అని స్పష్టంగా చెప్పాల్సి వచ్చినప్పుడే. అసలు క్రియలు తనకి నేర్పింది తను పెంచిన నాలుగేళ్ళ పిల్ల అని అత్త చెప్పింది. తప్పు పలికితే ఆ పిల్ల సరిదిద్దకుండా ఊరుకునేది కాదట.

వదిన పలకనన్న వాక్యం

మూడో ఆదివారం అత్త ఒక వాక్యం ఇచ్చింది: 'మా అతోనీ మఆషీ'. నాకు నా జీతం ఇవ్వలేదు అని. 'మఆష్' అంటే జీతం. వదిన నోరు విప్పలేదు. "ఇంకా విమానమే ఎక్కలేదు, ఈ అపశకునం మాటలు ఇప్పుడెందుకు అత్తా?" అంది. అత్త కోప్పడలేదు. "గొడుగు కొనుక్కుంటే వాన వస్తదా ఏంటే? పలుకు" అంది. అయినా వదిన ఆ రోజు పలకలేదు.

ఈ విషయంలో నేను అత్త పక్షమే. కువైట్‌లో ఇంటి పనివాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. ఈ హక్కులు కాగితం మీద ఉన్నాయి. కానీ నాలుగు గోడల మధ్య పని చేసే మనిషి తరఫున మొదటి మాట ఆమే మాట్లాడాలి. అందుకే మా జాబితాలో పళ్ళ పేర్ల కంటే ముందు ఇవి ఉన్నాయి:

మూ ఫాహ్మా: నాకు అర్థం కాలేదు (ఆడవాళ్ళు అనేది).
ష్వయ్ ష్వయ్: మెల్లగా, మెల్లగా.
అనా మరీదా: నాకు ఒంట్లో బాగోలేదు.
అబీ అరూహ్ అల్ ముస్తష్ఫా: ఆసుపత్రికి వెళ్ళాలి.
వేన్ జవాజీ: నా పాస్‌పోర్టు ఎక్కడ?
అబీ యోమ్ రాహా: నాకు సెలవు రోజు కావాలి.

ఆపా పాఠం కూడా ఇక్కడే పనికొచ్చింది. అరబీ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది 5. మన 7లా కనిపించేది 6. అక్షరాలు కుడి నుంచి ఎడమకి రాసినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి. జీతం రాసిన కాగితం చూసేటప్పుడు ఇంతమాత్రం తెలిసినా చాలు. నాలుగో వారం వదిన వచ్చీ రాగానే, ఎవరూ అడక్కుండానే ఆ జీతం వాక్యం అప్పజెప్పింది. తర్వాత సొంతంగా 'థలాథ్ షుహూర్' అని చేర్చింది: మూడు నెలలు. అత్త ఏమీ అనలేదు, టీ పోసింది.

కూటం నడిపే పద్ధతి

కువైట్‌లో 'దీవానియా' అని ఉంటుంది. మన రచ్చబండ లాంటిది, కాకపోతే ఇంట్లో ఉంటుంది. సాయంత్రం పూట కూర్చుని గహ్వా తాగుతూ మాట్లాడుకుంటారు. గహ్వా పోసే చిన్న కప్పు 'ఫింజాన్'. ఇక చాలు అనడానికి దాన్ని చేత్తో అటూ ఇటూ ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. మా అరుగుకి మోడల్ అదే, గహ్వా బదులు టీ. పాటించే రూల్స్ నాలుగు:

1. మొదటి ఇరవై నిమిషాలు తెలుగు బంద్. మాట రాకపోతే సైగ చేయొచ్చు.
2. ఒకరు మేడమ్, ఒకరు పనామె. పది నిమిషాలకోసారి పాత్రలు మారాలి. మేడమ్ పాత్రలో కోపంగా, వేగంగా మాట్లాడాలి, ఎందుకంటే అసలు పరీక్ష అక్కడే.
3. వాక్యాన్ని బట్టీపట్టకూడదు. 'అబీ...' అన్న తర్వాత మాట మారుస్తూ పోవాలి: టీ, నీళ్ళు, ఫోన్, సెలవు. ఒకటే టెంప్లేట్, వేరియబుల్ మారుతుంది.
4. ఎవరైనా తప్పు పలికితే నవ్వకూడదు. సరైన రూపాన్ని మనం ఒకసారి పలికి ముందుకు వెళ్ళాలి.

ఈ కూటానికి కావాల్సింది గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక మనిషి, అక్షరాలు తెలిసిన ఒక మనిషి, ఒక అరుగు. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళోనూ చూడండి. పదేళ్ళు అక్కడ ఉండి వచ్చినవాళ్ళ భాషని మనం పనిలో భాగం అనుకుంటాం కానీ చదువు అనుకోం. వాళ్ళ దగ్గర కూర్చుని పది వాక్యాలు రికార్డ్ చేయండి. మగవాళ్ళతో ఎలా అంటారు, ఆడవాళ్ళతో ఎలా అంటారు అని రెండూ అడగండి. తెలుగు లిపిలో రాసి క్లబ్‌కి పంపండి. వచ్చే సంచికకి అన్నీ కలిపి, ప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్ళకి పనికొచ్చే చిన్న పుస్తకంగా తయారు చేద్దాం.